బెర్న్‌హార్డ్ జోండెక్: ఋతునివృత్తి శాస్త్రానికి పునాది

స్త్రీకి ఋతుధర్మం ఒక వయస్సులో ఆరంభమై మరొక వయస్సులో నిలిచిపోతుందన్న సంగతి మన పూర్వులు ఎరుగనిది కాదు. పన్నెండవ యేట మొదలై ఏబదవ యేట అది క్షీణిస్తుందని సుశ్రుత సంహిత చెబుతున్నది. మన ఇండ్లలో దీనిని ముట్లుడగడమంటారు. ఉడగడమంటే తగ్గడం, అణగడం. వాన ఉడిగినదంటాము, శక్తి ఉడిగినదంటాము. ఈ దశను లోకం ఏ కంటితో చూస్తూ వచ్చినదో ఆ ఒక్క మాటే చెబుతున్నది. పాశ్చాత్య వైద్యుల దృష్టి సైతం చాలాకాలం ఇంతకు భిన్నంగా లేదు. పని ముగించిన శరీరంలో పరిశోధింపదగినది ఏముంటుందని వారనుకున్నారు.

ఋతువు నిలిచిన స్త్రీ శరీరంలో అంతా సద్దుమణిగిపోలేదనీ, ఒక గ్రంథి మునుపటికంటె ఎక్కువగా పనిచేస్తూ ఉంటుందనీ నిరూపించిన వారిలో అగ్రగణ్యుడు డాక్టర్ బెర్న్‌హార్డ్ జోండెక్. గర్భనిర్ధారణ పరీక్షకు ఆద్యుడుగా ఆయన పేరు వైద్య గ్రంథాలలో కనిపిస్తుంది. అది న్యాయమే కాని, అంతటితో ఆగితే ఆయన చేసిన పనిలో సగమే చెప్పినట్లవుతుంది. మిగిలిన సగాన్ని గురించి కూడ మేమిక్కడ ముచ్చటింపదలచినాము.

జోండెక్ 1891లో వ్రోంకే అను చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించినారు. ఆ పట్టణం అప్పుడు ప్రష్యా రాజ్యంలో ఉండేది, ఇప్పుడు పోలండులో ఉన్నది. అన్న హెర్మన్, తమ్ముడు సామ్యూల్ కూడ వైద్యులే. ముగ్గురూ పరిశోధకులే కావడం వలన, ఆనాటి వైద్య పత్రికలలో జోండెక్ అన్న పేరు కనిపిస్తే ఏ జోండెక్ అని విచారించవలసి వచ్చేది. బెర్న్‌హార్డ్ బెర్లినులో వైద్యవిద్య ముగించి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత అక్కడి సుప్రసిద్ధమైన షారితే ఆసుపత్రిలో స్త్రీ వైద్య విభాగంలో చేరినారు. ఆ విభాగపు ప్రయోగశాలకు అధిపతి సెల్మార్ ఆష్‌హైమ్. ఆయన జోండెక్ కంటె పదమూడేండ్లు పెద్ద. సూక్ష్మదర్శినితో కణజాలాన్ని పరిశీలించడంలో సిద్ధహస్తుడు. పెద్దవాని ఓర్పు, చిన్నవాని చొరవ కలిసివచ్చినవి.

ఆ రోజులలో శాస్త్రం ఎంతవరకు వచ్చినదో కొంచెము చెప్పవలసి ఉన్నది. హార్మోన్ అన్న మాటను 1905లో ఇంగ్లండులో స్టార్లింగ్ వాడుకలోనికి తెచ్చినాడు. అంతకు పూర్వమే, 1896లో వియన్నాలో క్నావర్ అను వైద్యుడు కుందేళ్ళ అండాశయాలను తీసి మరొక చోట అతికించి, అవి నరాల సంబంధం లేకుండానే పనిచేస్తాయని చూపినాడు. అనగా అండాశయం రక్తంలోనికి ఏదో ద్రవ్యాన్ని వదులుతున్నది. 1923లో అమెరికాలో అలెన్, డాయిసీ అను ఇరువురు ఆ ద్రవ్యాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నారు. తరువాత దానికి ఈస్ట్రోజన్ అన్న పేరు స్థిరపడినది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని అండాశయాన్ని మేల్కొలిపేది ఏది? బాలికలో పన్నెండేండ్లు నిద్రించిన ఆ అవయవం ఒకనాడు ఎవరి పిలుపు విని లేస్తున్నది?

జోండెక్, ఆష్‌హైమ్‌లు ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ శరీరంలోని అనేక గ్రంథుల ముక్కలను పసి ఆడ చిట్టెలుకల శరీరాలలో పెట్టి చూచినారు. ఆ ఎలుకలు మూడు నాలుగు వారాల వయస్సువి, ఒక్కొక్కటి ఆరేడు గ్రాముల బరువుకు మించనివి. తక్కిన గ్రంథులతో ఏమీ జరుగలేదు. మెదడు క్రింద చిక్కుడు గింజ ప్రాయంగా వేలాడే పీయూష గ్రంథి ముందుభాగాన్ని పెట్టినప్పుడు మాత్రం వింత జరిగినది. నూరు గంటలలో ఆ పసి ఎలుకలు యుక్తవయస్సుకు వచ్చినవి. ఆవగింజంత అండాశయాలు ఉబ్బి, వాటిలో అండాలు పరిపక్వమైనవి. 1926, 1927 సంవత్సరాలలో ఈ ఫలితాలు వెలువడినవి. ఇంచుమించు అదే సమయంలో అమెరికాలో ఫిలిప్ స్మిత్ కూడ స్వతంత్రంగా ఇదే సత్యాన్ని కనుగొన్నాడు. కీర్తి ఎవరిదన్న వాదంలోనికి మేము పోము. ఇరుపక్షాలకూ అది చెల్లుతుంది.

తరువాతి మెట్టు ఇంకా విచిత్రమైనది. ఈ హార్మోన్లు రక్తంలో తిరిగి తిరిగి చివరకు ఎక్కడికి పోతాయి? ఆ ఇద్దరూ గర్భిణుల మూత్రాన్ని పరీక్షించినారు. పారవేసే ఆ ద్రవంలో అండాశయపు హార్మోనూ, అండాశయాన్ని ప్రేరేపించే హార్మోనూ కూడ అపారంగా కనిపించినవి. గ్రాము ద్రవ్యం కొరకు కబేళాల నుండి బండ్లకొద్దీ అండాశయాలు తెప్పించుకొంటున్న రసాయన శాస్త్రజ్ఞులకు ఇది నిధి దొరికినట్లయినది. 1929లో అమెరికాలో డాయిసీ, జర్మనీలో బ్యూటెనంట్ ఎవరికి వారు ఈస్ట్రోజన్లలో ఒకదానిని శుద్ధ స్ఫటికాలుగా వేరుచేయగలిగినది గర్భిణుల మూత్రం నుండియే.

1928లో ప్రకటించిన ఆష్‌హైమ్-జోండెక్ పరీక్ష ఇందులో నుండి పుట్టినది. స్త్రీ ఉదయం విసర్జించిన మూత్రాన్ని ఐదు పసి చిట్టెలుకలకు రెండు రోజులలో ఆరు పర్యాయాలు సూదితో ఎక్కిస్తారు. ఒకటి రెండు మధ్యలో చనిపోవచ్చును కనుక ఐదింటిని తీసుకొనేవారు. నూరు గంటలైన తరువాత వాటిని కోసి అండాశయాలను చూస్తారు. వాటిపై ఎఱ్ఱని రక్తబిందువులుగాని, పచ్చని ముద్దలుగాని ఉంటే ఆ స్త్రీ గర్భవతి. నూటికి తొంబదియెనిమిది పర్యాయాలు ఈ పరీక్ష నిజమే చెప్పేది. అంతకు పూర్వం మూడు నాలుగు మాసాలు గడిస్తేనే గాని రూఢిగా చెప్పలేని సంగతి, నెల తప్పిన కొద్దిరోజులకే తెలియవచ్చినది. 1929లో ఎడింబరోలో ఇందుకొరకే ఒక కేంద్రం ఏర్పడినది. బ్రిటన్ నలుమూలల నుండి వైద్యులు సీసాలను టపాలో అక్కడికి పంపేవారు.

దీని ప్రయోజనం శుభవార్త చెప్పడంతో ముగియలేదు. గర్భం శిశువుగా రూపొందక ద్రాక్షగుత్తివలె నీటిబుడగలుగా మారే స్థితి ఒకటి ఉన్నది. మన వైద్యులు దానిని ముత్యాల గర్భం అంటారు. దానిని తొలగించిన తరువాత కొందరిలో అది ప్రాణాంతకమైన క్యాన్సరుగా పరిణమిస్తుంది. ఈ వ్యాధిలో పై హార్మోను సాధారణ గర్భంలో కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుందని జోండెక్, ఆష్‌హైమ్‌లు గమనించినారు. శస్త్రచికిత్స అయిన తరువాత మరల మరల పరీక్షించి, హార్మోను పోయినదా, మిగిలినదా, తిరిగి పెరుగుతున్నదా అని చూడడం అప్పటినుండి మొదలైనది. నేటికిని ఆ వ్యాధిలో వైద్యుడు ఆధారపడేది ఆ కొలత మీదనే. ఎలుకలు పోయి యంత్రాలు వచ్చినవి, అంతే భేదం.

ఇప్పుడు ఋతునివృత్తి దగ్గరకు వద్దాము. పరీక్షలో ఎలుకల అండాశయాలు మూడు విధాలుగా స్పందిస్తాయి. అండాలు పరిపక్వం కావడం మొదటిది. రక్తబిందువులు రెండవది. పచ్చని ముద్దలు మూడవది. చివరి రెండింటిని మాత్రమే గర్భానికి గుర్తుగా లెక్కించినారు. మొదటిదానిని ఎందుకు విడిచిపెట్టినారన్నదే ఇక్కడ కీలకం. గర్భం లేని కొందరు స్త్రీల మూత్రం కూడ ఆ మొదటి స్పందనను కలిగిస్తున్నది. ఎవరు వారు? ముట్లుడిగినవారు, శస్త్రచికిత్సలో అండాశయాలు తీసివేయబడినవారు.

మరొకరైతే దీనిని పరీక్షకు వచ్చిన చిక్కుగా భావించి ప్రక్కకు నెట్టి ఉండేవారు. జోండెక్ ఆ చిక్కునే పట్టుకొన్నారు. ముట్లుడిగిన స్త్రీ మూత్రంలో అండాన్ని పరిపక్వం చేసే హార్మోను పుష్కలంగా ఉన్నదని ఆయన 1930 ప్రాంతంలో స్పష్టపరచినారు. సంతానమను అర్థం గల లాటిను మాట నుండి ఆయన ఆ హార్మోన్లకు ప్రోలాన్ అని పేరు పెట్టి, అండాన్ని పరిపక్వం చేసేదానిని ప్రోలాన్ ఏ అన్నారు. ఈనాడు వైద్యులు ఎఫ్. ఎస్. హెచ్. అని పిలిచేది అదే.

ఇది ఎందువలన జరుగుతున్నదో 1932లో చికాగోలో కార్ల్ మూర్, డొరోతీ ప్రైస్ విశదపరచినారు. పీయూష గ్రంథి అండాశయాన్ని పిలుస్తుంది. అండాశయం ఈస్ట్రోజన్‌తో బదులు పలుకుతుంది. బదులు వినిపించినంతకాలం పీయూష గ్రంథి గొంతు తగ్గించుకొని ఉంటుంది. అండాల నిల్వ తీరిపోయిన అండాశయం బదులు చెప్పలేదు. పెరటిలో ఉన్న బిడ్డ పలుకకపోతే వంటయింటిలోని తల్లి గొంతు పెంచినట్లు, పీయూష గ్రంథి మరింత గట్టిగా, మరింత తరచుగా పిలుస్తుంది. ఆ పిలుపే మూత్రంలో దొరుకుతున్నది. కనుక ముట్లుడగడం ఒక దీపం ఆరిపోవడం వంటిది కాదు. శరీరమంతటా ఒక పాత ఒప్పందం మారి క్రొత్త ఒప్పందం ఏర్పడుతున్న కాలమది. వేడి ఆవిర్లు, చెమటలు, నిద్రపట్టకపోవడం ఆ మార్పుకు సంబంధించినవే గాని మనస్సు కల్పించుకొన్నవి కావు. ఎందరో స్త్రీలు ఈ బాధలు చెప్పుకొని చాదస్తమన్న పేరు తెచ్చుకొన్నారు. వారి మాటకు ప్రయోగశాల నుండి సాక్ష్యం వచ్చుటకు ఇది మార్గమయినది.

జోండెక్ చెప్పినదంతా నిలువలేదు. గర్భిణుల మూత్రంలోని హార్మోను కూడ పీయూష గ్రంథి నుండియే వస్తున్నదని ఆయన నమ్మినారు. అది మాయ నుండి వస్తున్నదని 1938లో బాల్టిమోరులో మాయ కణాలను గాజుపాత్రలో పెంచి చూపినారు. ఆ పనిచేసిన వారిలో జార్జియానా సీగర్ అను యువ వైద్యురాలు ఒకరు. తరువాత జార్జియానా జోన్స్ అన్న పేరున ఆమె సంతానలేమి చికిత్సలో పెద్ద పేరు పొందినారు.

జోండెక్ 1929లో బెర్లిను నగరంలోని ష్పాండౌ ఆసుపత్రిలో స్త్రీ వైద్య విభాగానికి అధిపతి అయినారు. 1930లో గర్భంతో ఉన్న గుఱ్ఱపు మూత్రంలో ఈస్ట్రోజన్ విశేషంగా ఉన్నదని కనుగొన్నారు. అన్నిటికంటె వింత, 1934లో ఆయన నేచర్ పత్రికలో ప్రకటించినది. మగ గుఱ్ఱం మూత్రంలోనూ ఈ స్త్రీ హార్మోను పెద్ద మొత్తంలో ఉన్నదట. పౌరుషానికి గుఱ్ఱాన్ని ఉపమానంగా చెప్పే కవులు ఈ సంగతి వింటే ఏమందురో మేము చెప్పజాలము.

ఆ వ్యాసం వెలువడేనాటికి ఆయన జర్మనీలో లేరు. 1933లో నాజీలు అధికారానికి రాగానే యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించు చట్టం వచ్చినది. జోండెక్ పదవి పోయినది. స్టాక్‌హోమ్‌కు పోయి, అక్కడినుండి 1934లో జెరూసలేము చేరుకొన్నారు. అన్నదమ్ములు కూడ పాలస్తీనాకే వచ్చినారు. ఆష్‌హైమ్ సైతం తరువాత ఉద్యోగం కోల్పోయి ఫ్రాన్సుకు వెళ్ళి అక్కడి పౌరుడైనారు. యుద్ధాన్ని గడిచి బయటపడి 1965లో పారిస్‌లో కన్నుమూసినారు. ప్రపంచంలో ప్రతి ఆసుపత్రిలోనూ ఇరువురి పేర్లు కలిపి పలుకుతుండగా, వారు మాత్రం సముద్రానికి చెరియొక ఒడ్డున ఉండిపోయినారు. ఆ ప్రయోగశాల మరల అట్లు కుదురలేదు. తమ స్త్రీల ఆరోగ్యానికి ఇంత మేలు చేసినవారిని ఆ ప్రభుత్వం వెళ్ళగొట్టినది. దానివలన నష్టపోయినది ఎవరో చెప్పనక్కరలేదు.

జెరూసలేములో హడస్సా ఆసుపత్రి, హీబ్రూ విశ్వవిద్యాలయం ఆయనను ఆదరించినవి. అక్కడ స్త్రీ వైద్య విభాగాన్ని 1961 వరకు నడిపినారు. 1948 యుద్ధంలో స్కోపస్ కొండ మీది ఆసుపత్రికి దారి తెగిపోయి, వైద్యులూ రోగులూ నగరంలోని తాత్కాలిక భవనాలకు మారవలసి వచ్చినది. ఆ పరిస్థితులలోనూ పరిశోధన ఆగలేదు. చివరి సంవత్సరాలలో, నిరంతరమైన పెద్ద చప్పుడు ఎలుకల సంతానోత్పత్తిపై ఏ ప్రభావం చూపుతుందో పరిశీలించినారు.

ఈ కాలపు పనులలో రెండింటిని ప్రత్యేకంగా పేర్కొనవలెను. శరీరంలోనికి పంపిన ఈస్ట్రోజన్‌ను కాలేయం నిర్వీర్యం చేస్తుందని చూపినారు. మందును నోటిద్వారా ఇవ్వాలా, సూదితో ఇవ్వాలా, ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్నలకు ఇది మూలం. రెండవది 1936లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఎలుకలకు ఈస్ట్రోజన్‌ను చాలాకాలం ఎక్కించగా వాటి పీయూష గ్రంథిలో కంతి లేచినది. హార్మోనును జనసామాన్యానికి పంచిపెట్టబోయే దశకంలో, దానిని గురించి ఎవరికంటెనూ బాగా ఎరిగిన మనిషి ఇచ్చిన హెచ్చరిక అది. ఎలుకకు జరిగినదంతా మనిషికి జరుగుతుందని ఎవరూ అనరు. కాని ఆ వ్యాసాన్ని మరికొందరు శ్రద్ధగా చదివి ఉండవలసినదని మా అభిప్రాయం.

ఎందుకనగా, జోండెక్ చూపిన గుఱ్ఱపు మూత్రమే మందుల పరిశ్రమకు ముడిసరుకు అయినది. ప్రెమారిన్ అన్న మాత్ర 1941లో కెనడాలో, మరుసటి యేడు అమెరికాలో బజారుకు వచ్చినది. గర్భంతో ఉన్న గుఱ్ఱపు మూత్రమన్న ఇంగ్లీషు మాటలను కుదించి ఆ పేరు కట్టినారు. వేడి ఆవిర్లతో బాధపడేవారికి అది నిజంగానే ఉపశమనం ఇచ్చినది. అంతవరకే ఆగి ఉంటే బాగుండేది. 1966లో న్యూయార్కు వైద్యుడు రాబర్ట్ విల్సన్ ఫెమినిన్ ఫరెవర్ అను పుస్తకం వ్రాసి, ముట్లుడగడం ఒక లోపవ్యాధి అనీ, ప్రతి స్త్రీ జీవితాంతం హార్మోను తీసుకొనవలెననీ ప్రచారం చేసినాడు. ఔషధ సంస్థల ధనం ఆయనకు అందినదని తరువాత బయటపడినది. అదే సంవత్సరం నవంబరులో జోండెక్ న్యూయార్కులోనే మరణించినారు. 1975లో, ఈస్ట్రోజన్‌ను ఒంటరిగా వాడినవారికి గర్భాశయపు లోపలి పొరలో క్యాన్సరు హెచ్చుతున్నదని రెండు అధ్యయనాలు తెలిపినవి. అందుపై మరొక హార్మోనును జతచేసి ఇవ్వసాగినారు.

అసలు లెక్క 2002లో తేలినది. అమెరికా ప్రభుత్వం 50 నుండి 79 సంవత్సరాల వయస్సు గల 16,608 మంది స్త్రీలపై చేయించిన పరిశీలనను సగటున అయిదు సంవత్సరాలు దాటగానే నిలిపివేసినారు. జంట హార్మోన్లు తీసుకొన్నవారిలో సంవత్సరానికి పదివేల మందికి ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు, ఎనిమిది పక్షవాతాలు అధికంగా వచ్చినవి. తుంటి ఎముక విరగడం అయిదుగురిలో తగ్గినది. ఈ వార్తతో లక్షలాది స్త్రీలు భయపడి మాత్రలు మానివేసినారు. మందు నిజంగా అవసరమైన వారు కూడ మానినారు. తరువాతి విశ్లేషణలలో వయస్సు భేదం స్పష్టమైనది. అరువది యేండ్లలోపు, ముట్లుడిగిన పది సంవత్సరాలలోపు, తీవ్రమైన బాధల నివారణకు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులైన స్త్రీలకు సాధారణంగా కీడుకంటె మేలే ఎక్కువ. ఎల్లరికీ అమృతమనడం ఎంత తొందరపాటో, ఎల్లరికీ విషమనడమూ అంతే.

జోండెక్ తెరిచిన రెండవ దారి ఇంత పేరు పొందలేదు గాని, మాకు అదే ఎక్కువ ముచ్చటగా తోస్తుంది. ముట్లుడిగిన స్త్రీ మూత్రంలో వృథాగా పోతున్న ఆ పిలుపును, పిలుపు చాలని అండాశయం గల మరొక స్త్రీకి వినిపిస్తే ఏమవుతుంది? 1949లో రోము నగరంలో సెరోనో సంస్థకు చెందిన పియేరో దోనీని ఆ హార్మోనును శుద్ధి చేసినాడు. వియన్నాలో పుట్టి ఇజ్రాయెలులో స్థిరపడిన బ్రూనో లునెన్‌ఫెల్డ్ అను యువ వైద్యుడు దానితో చికిత్స చేయవలెనని పట్టుబట్టినాడు. కాని అంత మూత్రం ఎక్కడిది? గర్భిణి ఒక్కరు కూడ లేరని నిశ్చయంగా చెప్పగల వృద్ధ స్త్రీల సమూహం కావలెను. లునెన్‌ఫెల్డ్ తరువాత చెప్పిన ప్రకారం, పోపు పన్నెండవ పయస్ సోదరుని కుమారుడు ఆ సంస్థ పాలకవర్గంలో ఉండి దారి చూపినాడు. ఇటలీలోని మఠాలలో వృద్ధ సన్యాసినుల నుండి మూత్రం సేకరించసాగినారు. పదిమంది సన్యాసినులు పదిరోజులిచ్చినది ఒక్క స్త్రీ చికిత్సకు సరిపోయేదట. ఆ మందుతో తొలి గర్భధారణ 1961లో ఇజ్రాయెలులో జరిగినది. బిడ్డలను కనబోమని వ్రతం పట్టిన తల్లుల వలన, బిడ్డలు లేరని ఏడ్చిన స్త్రీల ఒడి నిండినది.

ఈ మందు మన దేశానికి కూడ వచ్చినది. కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ దీనినే వాడి అండాలను పరిపక్వం చేయించి, శరీరం వెలుపల ఫలదీకరింపజేసి, పిండాన్ని అతిశీతల స్థితిలో నిల్వచేసి తిరిగి తల్లి గర్భంలో ప్రవేశపెట్టినారు. 1978 అక్టోబరు 3న దుర్గ అని పేరు పొందిన ఆడశిశువు జన్మించినది. ఇంగ్లండులో మొదటి పరీక్షనాళిక శిశువు పుట్టి అప్పటికి డెబ్బది రోజులే అయినది. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాటను నమ్మలేదు. విదేశాలలో చెప్పుకొనుటకు అనుమతి రాలేదు. ఆయనను నేత్ర వైద్య సంస్థకు బదిలీ చేసినారు. 1981 జూనులో ఆయన ప్రాణం తీసుకొన్నారు. ఆయన వ్రాతప్రతులను పరిశీలించి, ఆయన చెప్పినది నిజమని 1997లో లోకానికి చాటినది డాక్టర్ టి. సి. ఆనంద్ కుమార్. 1986లో బొంబాయిలో పుట్టిన పరీక్షనాళిక శిశువు వెనుక ఉన్న శాస్త్రజ్ఞుడు ఆయనే. తనకు దక్కిన ప్రథమ స్థానాన్ని ఆయనే మరొకరిదని వ్రాసినారు.

ఈనాడు ఆ హార్మోనును జన్యు పద్ధతులతో ప్రయోగశాలలలోనే తయారు చేస్తున్నారు. జోండెక్ ఎలుకలలో చూచిన ప్రోలాన్ ఏ కొలత ఇప్పుడు రక్తపరీక్షగా పట్టణాలలోని ప్రతి ప్రయోగశాలలోనూ దొరుకుతున్నది. నలుబది యేండ్లలోపునే ఋతువు నిలిచిపోయిన స్త్రీకి అది అత్యవసరమైన పరీక్ష. నలుబదియైదు దాటి, నెలలు తప్పుతూ, ఆవిర్లు వస్తున్న స్త్రీకి మాత్రం అది చేయించనక్కరలేదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నవి. ఆ వయస్సులో హార్మోను ఒకనాడు ఎక్కువగా, మరునాడు తక్కువగా ఉంటుంది కనుక, ఆమె స్వయంగా చెప్పినదాని ఆధారంగానే వైద్యుడు నిర్ణయిస్తాడు.